రెండు వైర్లు కలిపితే ఆవిష్కరణ అవుతుందా? పేటెంట్ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కంట్రోలర్ జనరల్ గారికి, చెన్నై పేటెంట్ కార్యాలయంలోని కంట్రోలర్లకు, పరీక్షాధికారులకు,

నమస్కారములు.

భద్రతా తనిఖీ యంత్రాల మీద వచ్చే పేటెంట్ దరఖాస్తులలో, కోరిన విషయం ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేదా కాదా అన్న ప్రశ్నను మీ కార్యాలయం ఎలా తేలుస్తున్నదో, తేల్చిన తీరు మంజూరైన ఫైళ్లలో ఎందుకు కనబడటం లేదో అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. నేను భీమవరంలో ఒక చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. గుళ్లకు, కల్యాణ మండపాలకు, జాతరలకు డోర్ ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్లు అద్దెకిచ్చి అమర్చడం, బ్యాగేజీ స్కానర్లకు సర్వీసు చేయడం, చుట్టుపక్కల రొయ్యల ఎగుమతి ప్లాంట్లలో ప్యాకింగు బెల్టు మీద ఉండే డిటెక్టర్లను సరిచేయడం మా పని. ఒకటి మనుషుల భద్రత కోసం, మరొకటి తిండి భద్రత కోసం అయినా లోపల ఉన్న సూత్రం ఒకటే కాబట్టి మా బల్ల మీదికి రెండూ వస్తాయి.

నిరుడు మాకు ఒక కంపెనీ తరఫున లాయరు నోటీసు వచ్చింది. డోర్ ఫ్రేమ్ డిటెక్టర్‌లో అలారం మోగిన క్షణంలోనే ద్వారం పైనున్న కెమెరా దృశ్యాన్ని గుర్తుపెట్టి విడిగా భద్రపరచే ఏర్పాటుపై తమకు పేటెంట్ ఉన్నదనీ, జాతరలలో మేము అమరుస్తున్నది అదేననీ, వెంటనే మానుకోవాలనీ దాని సారాంశం. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. అడిగే హక్కు ఎవరికైనా ఉంటుంది, వాళ్లు అడిగారు; ఇచ్చినవారు ఏమి చూసి ఇచ్చారన్నదే నా ప్రశ్న.

యంత్రాన్ని విప్పి చూడనివారి కోసం కొంత వివరంగా చెప్పాలి. డోర్ ఫ్రేమ్ డిటెక్టర్ అంటే రెండు నిలువు పలకలు, వాటిని పైన కలిపే ఒక పెట్టె. ఒక పలకలోని తీగచుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి, రెండో పలకలోనివి దాన్ని అందుకుంటాయి. మధ్యలోంచి లోహం వెళ్తే అందులో పుట్టే సుడి విద్యుత్ ప్రవాహాల వల్ల ఆ అందుకోలులో మార్పు వస్తుంది, పైపెట్టెలోని బోర్డు ఆ మార్పును పసిగట్టి అలారం మోగిస్తుంది. తీగచుట్టలను సమతూకంలో పెట్టి లోహాన్ని వెతికే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు; 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి పరికరాన్నే తీసుకువెళ్లాడు. తూటా దొరకలేదు, మంచంలోని ఉక్కు స్ప్రింగులు పరికరాన్ని తప్పుదారి పట్టించి ఉంటాయని చెబుతారు. రేకుల షెడ్డు గోడకు ఆనించి ద్వారం నిలబెడితే ఇప్పటికీ మాకు అదే తంటా.

ఇప్పుడు బజారులో 6, 18, 33 జోన్ల యంత్రాలు దొరుకుతున్నాయి. లోహం మనిషి ఒంటి మీద ఏ ఎత్తులో ఉందో ఆ జోన్ దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. పైపెట్టె మూత తీస్తే కరెంటు వైర్ల పక్కనే చిన్న ఆకుపచ్చ టెర్మినల్ ఒకటి కనబడుతుంది. అలారం మోగినప్పుడు టక్కుమని కలిసే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కాంటాక్టులవి. వాటిలో సొంత కరెంటు ఉండదు. బయట సైరను కలిపితే సైరను మోగుతుంది, గేటు కలిపితే గేటు మూసుకుంటుంది. ఇక సీసీ కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టెను, అంటే డీవీఆర్‌ను, వెనక్కి తిప్పి చూడండి: చాలా మోడళ్లలో అలారం ఇన్ అని రాసిన టెర్మినళ్ల వరుస ఉంటుంది. అందులో ఒక కాంటాక్టు కలిసిన క్షణం నుంచి రికార్డింగును వేరుగా గుర్తుపెట్టే సదుపాయం మెనూలోనే ఉంటుంది. ఇటునుంచి అటు రెండు వైర్లు లాగితే నోటీసులో చెప్పిన ఏర్పాటు పూర్తయినట్టే. లాగమనే ఆ టెర్మినళ్లు అక్కడ పెట్టారు. ఆ పేటెంటుకు దరఖాస్తు పడకముందే మావుళ్లమ్మ జాతరలోనూ, అంతర్వేది కల్యాణోత్సవాల్లోనూ మేమూ, మాలాంటివాళ్లూ ఆ వైర్లు లాగాము. దానికి మా దగ్గర ఉన్న ఆధారం చేతితో రాసిన తెలుగు బిల్లులు, వాటిలో 'డిటెక్టర్ నుంచి డీవీఆర్‌కు కనెక్షన్' అన్న ఒక పద్దు, ఖర్చు కింద వైరు పొడవు.

ఇక చట్టం దగ్గరకు వద్దాం. పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 2(1)(జేఏ) ఇన్వెంటివ్ స్టెప్ అంటే ఏమిటో నిర్వచించింది. అంతకుముందున్న పరిజ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు గానీ, ఆర్థిక ప్రాధాన్యం గానీ, రెండూ గానీ ఉండాలి. దానితోపాటు ఆ పనిలో నైపుణ్యమున్న వ్యక్తికి అది ఇట్టే తట్టేదిగా ఉండకూడదు. సెక్షన్ 3(ఎఫ్) ప్రకారం, తెలిసిన పరికరాలు దేని పని అది తెలిసిన పద్ధతిలోనే చేసుకుంటూ ఉండగా వాటిని ఒకచోట చేర్చి అమర్చడం ఆవిష్కరణే కాదు. నా దృష్టిలో డిటెక్టరు డిటెక్టరుగానే, డీవీఆర్ డీవీఆర్‌గానే పనిచేసే ఈ అమరికకు ఆ సెక్షనే సరిపోతుంది. అయితే నా అభిప్రాయంతో ఈ లేఖకు పెద్దగా పని లేదు. ఈ రెండు సెక్షన్ల కింద మీ పరీక్షాధికారి మొదటి నివేదికలో అభ్యంతరం రాశారు, అది మీ వెబ్‌సైటులో కనబడుతున్నది. దరఖాస్తుదారు ఇచ్చిన జవాబూ కనబడుతున్నది: జోన్ లైటుకూ కెమెరాకూ మధ్య 'సమన్వయ ఫలితం', అంటే రెండూ కలిస్తేనే వచ్చే అదనపు ఫలితం, ఉన్నదని అందులో రాశారు. ఆ జవాబుతో అభ్యంతరం ఎలా తీరిపోయిందన్నది మాత్రం ఎక్కడా లేదు. తరువాతి కాగితం సర్టిఫికెట్.

తిరస్కరించేటప్పుడు ఇలా చేయడానికి మీకు వీలు లేదు. 2022లో అగ్రిబోర్డ్ ఇంటర్నేషనల్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ సంగతి విడమరచి చెప్పింది: ఇన్వెంటివ్ స్టెప్ లేదని దరఖాస్తును కొట్టేయాలంటే ముందున్నది ఏమిటో, దరఖాస్తులో ఉన్నది ఏమిటో, ముందున్న దాని నుంచి నైపుణ్యమున్న వ్యక్తికి ఇది ఏ దారిలో తడుతుందో కంట్రోలర్ చర్చించాలి, ఇట్టే తట్టేదే అని ఒక్క మాట రాసి ఊరుకోకూడదు. అంతకుముందు 2015లో రోష్, సిప్లా కంపెనీల మధ్య వచ్చిన తీర్పులో అదే కోర్టు డివిజన్ బెంచి ఈ పరీక్షను మెట్లుమెట్లుగా చెప్పి, ఆవిష్కరణ చేతికొచ్చాక వెనక్కి తిరిగి చూసి 'ఇంతేనా' అనే ధోరణి పనికిరాదని హెచ్చరించింది. తిరస్కరణ వల్ల నష్టపోయేది ఒక్క దరఖాస్తుదారు. ఆయనకు కారణాలు రాసిన ఉత్తర్వు, దానిపై హైకోర్టుకు అప్పీలు ఉన్నాయి. మంజూరు వల్ల దరఖాస్తు తేదీ నుంచి ఇరవై ఏళ్లు నిండేదాకా అడ్డు తగిలేది ఆ పని చేసుకునే అందరికీ, వాళ్లకు మాత్రం చదువుకోవడానికి ఒక్క పేరా ఉండదు. ఎవరూ ఎదురు చెప్పలేదు గనుక కారణాలు రాయనక్కర లేదని మీరు అనవచ్చు. ఎదురు చెప్పవలసినవాడు అంతర్వేది ఇసుకలో ద్వారం నిలబెడుతున్నాడు, పేటెంట్ జర్నల్ చదవడం లేదు.

సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో ఇచ్చిన తీర్పు భద్రతా యంత్రాల మీద కాదు, మీర్జాపూర్ ఇత్తడి గిన్నెల మీద. గిన్నెను లేత్ మీద తిప్పి నునుపు చేసేటప్పుడు అది ఊడి ఎగిరిపోకుండా ఎదుటి వైపునుంచి ఒక స్పిండిల్‌తో నొక్కిపట్టే ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నారు. అలాంటి ఏర్పాటు లేత్‌లలో ముందునుంచీ ఉన్నదే, వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మెరుగుదలకు మించి ఏదో ఉంటేనే ఆవిష్కరణ అవుతుంది అని చెప్పి కోర్టు ఆ పేటెంటును నిలవనివ్వలేదు. పరీక్షించి ఇచ్చినంత మాత్రాన పేటెంట్ చెల్లుతుందన్న పూచీ లేదని కూడా ఆ తీర్పులోనే గుర్తుచేసింది. పేటెంట్ల చట్టం సెక్షన్ 13(4) చెప్పేదీ అదే. అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ కేసులో తీర్పు చెప్పిన వస్తువు కారు పెడలు. సర్దుబాటు చేసుకునే పెడలు పాతదే, ఎలక్ట్రానిక్ సెన్సరు పాతదే, ఆ రెండింటినీ ఒకచోట బిగించడం ఆవిష్కరణ కాదని తేలుస్తూ, నైపుణ్యమున్న వ్యక్తి అంటే మరబొమ్మ కాదనీ, అతనికీ మామూలు సృజన ఉంటుందనీ చెప్పింది. పాత ద్వారానికి పాత కెమెరా కలిపిన మా సంగతికి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

నైపుణ్యమున్న వ్యక్తి అన్నమాట దగ్గర ఆగాలి. నేను చూసిన ఫైలులో ఆ వ్యక్తి ఎవరో ఎక్కడా రాయలేదు. సిగ్నల్ ప్రాసెసింగులో డాక్టరేటు ఉన్న శాస్త్రవేత్తా? కెమెరాలు అమ్మే షాపువాడా? ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదివి, జాతర ముందురోజు రాత్రి జనరేటరు పక్కన ద్వారాల సెన్సిటివిటీ సరిచేసే కుర్రాడా? ప్రశ్నలోని పరికరాన్ని బట్టి ఎవరో ఒకరిని ఎంచుకోవలసిందే. డ్యుయల్ ఎనర్జీ ఎక్స్‌రే స్కానరులో తక్కువ, ఎక్కువ శక్తుల కొలతలను పోల్చి సేంద్రియ పదార్థాలను నారింజ రంగులోనూ లోహాలను నీలంలోనూ విడదీసే గణనకు మెరుగుదల కనిపెట్టానని ఒకరు వస్తే, మా కుర్రాడికి తట్టదు గనుక అది ఆవిష్కరణ అనడం పొరపాటు. అక్కడ భౌతికశాస్త్రం తెలిసినవాడిని నిలబెట్టాలి. ద్వారానికి కెమెరా కలిపే పనికి మాత్రం మా కుర్రాడే సరైనవాడు. అతన్ని అడగకుండా అతనికి ఇది తట్టదని తేల్చారు.

అడగడానికి చట్టంలో చోటు లేదని కాదు. మంజూరుకు ముందు అభ్యంతరం చెప్పే సెక్షన్ 25(1) గానీ, పేటెంట్ రద్దుకు దారి చూపే సెక్షన్ 64 గానీ అచ్చయిన కాగితాల దగ్గరే ఆగిపోలేదు. ముందే ఇండియాలో వాడుకలో ఉన్నదాన్నీ లెక్కలోకి తీసుకోమన్నాయి. ఇంగ్లండులో అప్పీలు కోర్టు 1985లో విండ్‌సర్ఫింగ్ పేటెంటును కొట్టేసినప్పుడు ముందుకు వచ్చిన ఆధారాలలో ఒకటి, 1958లో హేలింగ్ దీవి దగ్గర పన్నెండేళ్ల పిల్లవాడు సొంతంగా చేసుకుని నీళ్ల మీద నడిపిన తెరచాప పలక. ఆ పిల్లవాడు ఏ పత్రికలోనూ వ్యాసం రాయలేదు, అయినా అతని ఆట లెక్కలోకి వచ్చింది. మీ పరీక్షాధికారి వెతికేది డేటాబేసుల్లో. గోదావరి జిల్లాల జాతరలలో, ప్లాంట్లలో ఏళ్ల తరబడి నడుస్తున్న అమరికలు ఆ డేటాబేసులలోకి ఎక్కవు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మన దగ్గర ఊరికే పుట్టలేదు.

ఎక్కించే బాధ్యత మాదేనంటారా, సరే, ఆ దారి ఎలా ఉందో చూడండి. దరఖాస్తు 18 నెలల తరువాత ప్రచురితమవుతుంది, అప్పటినుంచి మంజూరయ్యేలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. 2024లో సవరించిన నిబంధనలతో దానికీ రుసుము వచ్చింది, వినదగినదా కాదా అన్న తొలి వడపోత కూడా వచ్చింది. పనికిమాలిన అభ్యంతరాలతో దరఖాస్తులను ఏళ్లకేళ్లు సాగదీసేవారిని ఆపడానికే అది పెట్టారని ఒప్పుకుంటాను, కానీ అదే గుమ్మంలో మాలాంటివాళ్లూ ఆగిపోతున్నారు. మంజూరయ్యాక అభ్యంతరానికి గడువు ఆ మంజూరు ప్రచురితమైన నాటి నుంచి ఒక్క సంవత్సరం. మాకు నోటీసు వచ్చింది ఆ గడువు దాటాక. 2021లో మేధాసంపత్తి అప్పీళ్ల బోర్డును ఎత్తివేశారు గనుక ఇక మిగిలింది హైకోర్టులో రద్దు పిటిషను, లేదా వాళ్లు దావా వేస్తే అందులో ఎదురు దావా. మా తెలుగు బిల్లులను ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి ధ్రువీకరించాలి. ఆధారం లేని బెదిరింపుల మీద సెక్షన్ 106 కింద దావా వేయవచ్చని ఒక లాయరు గారు చెప్పారు. పేటెంట్ ఉందని తెలియజేసినంత మాత్రాన బెదిరింపు కాదని ఆ సెక్షన్‌లోనే ఉన్నదని కూడా చెప్పారు. రెండు వైర్ల విలువ కోసం ఇన్ని మెట్లు ఎక్కేవాడు ఎవరూ ఉండరు. వైర్లు తీసేసి ఊరుకుంటారు.

తీసేసి ఊరుకుంటే పోయేదేమిటని అనుకోవచ్చు. 2015 పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మంది చనిపోయిన తరువాత, ద్వారం దగ్గర జనాన్ని లెక్కించే, కెమెరాతో కలిసి పనిచేసే ఏర్పాట్లే కావాలని మా దగ్గరకు వచ్చే కమిటీలవాళ్లు అడగడం మొదలుపెట్టారు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమహేంద్రవరం, కొవ్వూరు నుంచి నరసాపురం, అంతర్వేది దాకా ఘాట్లకు ద్వారాలు కావాలి. ఇలాంటి టెండర్లలో, సరఫరా చేసిన సరుకు మీద ఎవరైనా పేటెంట్ తగవు తెస్తే నష్టమంతా సరఫరాదారుడే భరించాలన్న షరతు మామూలుగా ఉంటుంది. చేతిలో నోటీసు ఉన్న చిన్న వర్క్‌షాపు ఆ షరతు కింద సంతకం పెట్టగలదా? చెల్లుతుందో లేదో ఎవరూ తేల్చని పేటెంట్ ఒకటి, కోర్టు గడప తొక్కకుండానే పోటీని టెండరు దగ్గరే తగ్గించేస్తుంది.

ఇంతవరకు చదివి, తేలికగా కనిపించే దేనికీ పేటెంట్ ఇవ్వవద్దని నేను కోరుతున్నానని అనుకోకండి. అమెరికా విమానాశ్రయాలలో స్కానరు దగ్గర సామాను పెట్టే ప్లాస్టిక్ ట్రేల మీద జరిగిన వ్యాజ్యం నాకు పూర్తిగా వ్యతిరేక దిశలో పాఠం చెప్పింది. ట్రేలను స్కానరుకు ఈ చివర ఒక బండిలో పేర్చి ఉంచడం, ఆ చివర ఇంకో బండిలోకి ఎత్తడం, నిండిన బండిని మళ్లీ ముందుకు తోసుకురావడం, ఆ పేటెంటులోని పద్ధతి ఇంతే. సెక్యూరిటీపాయింట్ హోల్డింగ్స్ అనే సంస్థ 2011లో ప్రభుత్వం మీద దావా వేస్తే, ఇది ఎవరికైనా తట్టేదేనని ప్రభుత్వం వాదించింది. కోర్టు 2016లో ఆ వాదనను తోసిపుచ్చింది. 2021లో పరిహారాన్ని 10 కోట్ల డాలర్లకు పైగా లెక్కకట్టింది. మొదటిసారి చదివినప్పుడు నాకూ నవ్వొచ్చింది. అయితే అంతకుముందు సిబ్బంది ఆ ట్రేల దొంతరలను చేతులతో మోసుకుంటూ జనం మధ్యలోంచి నడిచేవారు. అంత తేలికైన ఊహ అయితే వాళ్లలో ఎవరికో ఒకరికి తట్టి ఉండవలసింది. ఆ తీర్పును ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కారణాలు మాత్రం కాగితం మీద ఉన్నాయి, ఏ మెట్టు దగ్గర మనకు అభ్యంతరమో వేలు పెట్టి చూపించవచ్చు.

మా వర్క్‌షాపులోనే ఇంకొక ఉదాహరణ ఉంది. రొయ్యల ప్లాంట్లలో డిటెక్టరుకు పెద్ద చిక్కు రొయ్యే. ఉప్పుతడి ఉన్న సరుకు విద్యుత్తును కొంత ప్రసరింపజేస్తుంది కాబట్టి అదే లోహంలా అలారం మోగిస్తుంది. బాగా గడ్డకట్టిన ప్యాకెట్టులో ఆ గొడవ తక్కువ. ఏ సరుకుకు ఆ సరుకు సెట్టింగు పెట్టి, ఇనుము, ఇతర లోహం, స్టెయిన్‌లెస్ స్టీలు టెస్ట్ పీసులను బెల్టు మీద పంపి, మూడూ బయటకు తోసేస్తున్నదో లేదో షిఫ్టుషిఫ్టుకూ చూసి రిజిస్టరులో రాస్తారు. ఒక ప్లాంటులో ప్రతి షిఫ్టులోనూ ఒక గంట మాత్రం మంచి ప్యాకెట్లు కూడా వరుసగా బయట పడేవి. విసుగొచ్చి ఆపరేటర్లు సెన్సిటివిటీ తగ్గించేసేవారు, అలా తగ్గిస్తే నిజంగా స్టీలు ముక్క ఉన్నా దాటిపోయే ప్రమాదం. యంత్రం చెడిందని బోర్డులు మార్చి చూశారు. భోజనాల వేళ బెల్టు ఆగినప్పుడు ప్యాకెట్ల పైమంచు కరగడమే కారణమని పట్టుకున్నది మా దగ్గర పనిచేసే ఒక కుర్రాడు. డిటెక్టరుకు ముందు ప్యాకెట్టు పైవేడిని చూసే చిన్న సెన్సరు పెట్టి, దాన్ని బట్టి ముందే దాచుకున్న సెట్టింగులలో తగినది ఎంచుకునేలా చేశాడు. చూడబోతే ఇదీ రెండు వైర్లే. తేడా ఎక్కడంటే, ద్వారం సంగతిలో ఆ వైర్లు ఎక్కడ కలపాలో తయారీదారులే టెర్మినల్ మీద రాసి ఇచ్చారు. ఇక్కడ ఏది కారణమో తెలియక అందరూ బోర్డులు మారుస్తున్నారు. కారణం పట్టుకోవడంలోనే పనంతా ఉంది, వైర్లు ఆ తరువాతి సంగతి. ఇది పేటెంటుకు తగినదో కాదో నేను తీర్పు చెప్పలేను, ప్రపంచంలో ఇంకెక్కడైనా ఎవరైనా ముందే చేసి ఉండవచ్చు. ఆ కుర్రాడు దరఖాస్తు పెడితే, వైర్లు రెండే గనుక కాదని గానీ, జవాబులో 'సమన్వయ ఫలితం' అని రాశాడు గనుక అవునని గానీ తేల్చవద్దని మాత్రం కోరగలను.

అందువల్ల మీ ముందు పెడుతున్న విన్నపాలు ఇవి. ఇన్వెంటివ్ స్టెప్ మీద గానీ సెక్షన్ 3(ఎఫ్) మీద గానీ అభ్యంతరం ఒకసారి రాశాక దాన్ని వదులుకుని పేటెంట్ మంజూరు చేసేటప్పుడు, నైపుణ్యమున్న వ్యక్తిగా ఎవరిని తీసుకున్నారో, ముందున్న దానికీ దీనికీ తేడా ఏమిటని తేల్చారో, ఆ తేడా అతనికి ఎందుకు తట్టదని నమ్మారో ఒక పేజీకి మించకుండా రాసి ఫైలులో పెట్టండి. ఇందుకు చట్ట సవరణ అక్కర లేదు, కంట్రోలర్ జనరల్ గారు తమ కార్యాలయాలకు పంపే సూచన చాలు. పరీక్షాధికారుల మీద పనిభారం ఎంత ఉందో నాకు తెలియనిది కాదు. కానీ ఆ పేజీలోని ఆలోచన ఎలాగూ జరిగి ఉండాలి కదా, జరిగినదాన్ని రాయమనడమే ఇది. రెండోది, వాడుకలో ఉన్నదానికి ఆధారంగా తేదీ ఉన్న బిల్లులు, టెండరు కాగితాలు, సర్వీసు రిజిస్టర్లు, ఫొటోలు ఎవరైనా మంజూరుకు ముందు పంపితే, పంపినవారు పూర్తి అభ్యంతరదారుగా మారకపోయినా వాటిని పరీక్షాధికారి చూసేలా, అవి తెలుగులో ఉంటే తర్జుమా భారం కార్యాలయమే భరించేలా ఒక దారి ఏర్పాటు చేయండి. ఈ రెండో దానికి నిబంధనల్లో మార్పు కావాలంటే, ఆ మేరకు మంత్రిత్వ శాఖకు రాయండి.

మాకు నోటీసు వచ్చిన పేటెంట్ నంబరు, దరఖాస్తు తేదీకి ముందటి మా బిల్లుల నకళ్లు, ద్వారం పైపెట్టె, డీవీఆర్ టెర్మినళ్ల ఫొటోలు ఈ లేఖ ప్రతితోపాటు చెన్నై కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో విడిగా పంపుతున్నాను. ఆ పేటెంట్ మీద ఇప్పుడు మీరు చేయగలిగింది పెద్దగా లేదని తెలుసు, అది కోర్టులో తేలవలసినదే. ఇదే తరగతిలో ఇంకా పరీక్షకు రాని దరఖాస్తులు కొన్ని ప్రచురితమై ఉన్నాయి. వాటి ఫైళ్లు తెరిచే అధికారి ఈ ఫొటోలను ఒకసారి పక్కన పెట్టుకుని చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
భీమవరం నుంచి ఒక తనిఖీ యంత్రాల సర్వీసు వర్క్‌షాపు యజమాని